మొక్కజొన్నలో ఆకు ఎండు తెగులు: మచ్చ ఏ ఆకు దాకా ఎక్కింది?

మొక్కజొన్న చేలో కింది ఆకులు ఎండటం ప్రతి రైతూ చూసేదే. నత్రజని చాలకపోయినా ఎండుతాయి, బెట్టకొచ్చినా ఎండుతాయి, మొదట్లో నీళ్లు నిలిచినా ఎండుతాయి. ఏ ఇబ్బందీ లేకపోయినా వయసు మీరి ఎండుతాయి. అందుకే ఆకు ఎండు తెగులు దగ్గర రైతులు రెండు వైపులా నష్టపోతుంటారు. కొందరు "కింది ఆకులేగా, ఏముందిలే" అని వదిలేస్తారు. ఇంకొందరు మొదటి మచ్చ కనబడగానే టెన్షన్‌తో మందుల షాపుకు వెళ్లి, అక్కడ చేతిలో పెట్టింది తెచ్చి కొట్టేస్తారు. మొదటివాళ్లకు దిగుబడి పోతుంది, రెండోవాళ్లకు డబ్బు పోతుంది. తెగులు ఉందా లేదా అన్నది తేల్చుకున్నంత మాత్రాన పని అయిపోదు. మచ్చ ఏ ఆకు దాకా ఎక్కింది, అప్పటికి పంట ఏ దశలో ఉంది అన్న రెండూ కలిపి చూస్తేనే మందు కొట్టాలో వద్దో తెలుస్తుంది.

చుట్ట ఆకారపు మచ్చ, ఈనెల మధ్య మచ్చ

మన దగ్గర ఆకు ఎండు తెగులు అనేవి ముఖ్యంగా రెండు. ఒకటి టర్సికమ్ ఆకు ఎండు తెగులు. ఎక్సెరోహిలమ్ టర్సికమ్ అనే శిలీంధ్రం దీనికి కారణం. 1876లో ఇటలీలో దీన్ని మొదట వర్ణించారు. మన దేశంలో 1907లో బట్లర్ అనే శాస్త్రవేత్త బీహార్‌లో దీన్ని నమోదు చేశాడు. రెండోది మేడిస్ ఆకు ఎండు తెగులు. ఇది బైపోలారిస్ మేడిస్ అనే ఇంకో శిలీంధ్రం వల్ల వస్తుంది. రెండూ ఆకునే ఎండబెడతాయి గానీ వాటికి నచ్చే వాతావరణం వేరు, వ్యాపించే వేగం వేరు.

టర్సికమ్ మచ్చ పెద్దది. మొదట నీళ్లు తగిలి నానినట్టుగా బూడిదాకుపచ్చ రంగులో చిన్న మరక కనబడుతుంది. అది ఆకు పొడవునా సాగి, నడుమ వెడల్పుగా, రెండు కొసలూ సన్నగా, అచ్చం చుట్ట ఆకారంలోకి వస్తుంది. పొడవు 2.5 సెంటీమీటర్ల నుంచి 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తరువాత ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. ఆకు మీద ఇలాంటివి నాలుగైదు పడి కలిసిపోతే ఆకంతా కాలినట్టు వేలాడుతుంది. ఈ శిలీంధ్రం ఆకు పైపైన తిని ఊరుకోదు, లోపల నీరు పారే నాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. మచ్చ అంత పొడవున సాగడానికి అదే కారణం.

మేడిస్ మచ్చ చిన్నది, మహా అయితే రెండు మూడు సెంటీమీటర్లు. రెండు పక్కలా ఈనెలు అడ్డుగా నిలబడటంతో పక్కలు సమాంతరంగా, ఇంచుమించు దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. లోపల లేత గోధుమ రంగు, అంచున ముదురు గోధుమ. ఒక్కో మచ్చను చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు కానీ వందల్లో పడతాయి, అక్కడే చిక్కు.

చేలోనే తేల్చుకోవడానికి ఒక తేలికైన పని ఉంది. మచ్చ ఉన్న ఆకు ముక్కను, అది కూడా మచ్చ చుట్టూ పచ్చదనం ఇంకా మిగిలి ఉన్న ముక్కను కోసి, తడిపిన న్యూస్‌పేపర్ ముక్కతో కలిపి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టి రాత్రంతా ఉంచాలి. తెల్లారి భూతద్దంతో చూస్తే మచ్చ నడిమి భాగంలో నల్లటి నూగు కనిపిస్తుంది. వేలితో రాస్తే మసిలా అంటుతుంది. శిలీంధ్రం తయారుచేసే బీజాలు అవే, గాలికి లేచి పక్క మొక్క మీద పడేవి కూడా అవే. పచ్చదనం ఉన్న ముక్కే కావాలనడానికి కారణం ఉంది. పూర్తిగా ఎండిపోయిన ఆకు మీద తెగులుతో సంబంధం లేని బూజులు కూడా పెరుగుతాయి. వాటిని చూసి తెగులు అనుకుంటే మందు దండగ.

పొరపడే అవకాశం ఉన్నవి ఇంకా ఉన్నాయి. ముదురు ఆకు కొస నుంచి నడిమి ఈనె వెంబడి లోపలికి వి ఆకారంలో పసుపు దిగుతుంటే అది నత్రజని లోపం. ఆకు అంచులు మాత్రమే మాడుతుంటే పొటాష్ లోపం అయి ఉండొచ్చు. కాండాన్ని చుట్టి ఉండే కింది ఆకు తొడుగుల మీద పాము చర్మంలా పట్టీలు పట్టీలుగా మచ్చలు పైకి పాకుతుంటే అది పొడ తెగులు. ఆ శిలీంధ్రం నేల నుంచి వస్తుంది, దాని వైద్యం వేరు. గోకితే ఇటుక రంగు పొడి రాలితే తుప్పు తెగులు. ఇక కత్తెర పురుగు పిల్లలు గీకిన తెల్ల మచ్చలను చూసి తెగులు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆకు సుడిలోకి తొంగి చూస్తే రెట్ట కనిపిస్తుంది, అనుమానం అక్కడే తీరిపోతుంది. ఎంత చూసినా తేలకపోతే నాలుగు ఆకులు కోసి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ విస్తరణ అధికారికో చూపించడం మేలు. ఫోన్లో తీసిన ఒక్క ఫొటో చూసి మందు రాసే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. ఆ ఫొటోలో మచ్చ కనబడుతుంది తప్ప అది ఎన్నో ఆకు మీద ఉందో కనబడదు.

చలి మంచు ఒకదానికి, ఉక్కపోత ఇంకోదానికి

టర్సికమ్‌కు 18 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రత, ఆకు మీద గంటల తరబడి తడి కావాలి. ఆరు గంటలు తడి నిలిచినా మొలకెత్తి ఆకులోకి దిగగలదు, తడి ఎంత ఎక్కువసేపు ఉంటే అంత బాగా దిగుతుంది. కోస్తా జిల్లాల్లో డిసెంబరు, జనవరి నెలల రబీ పంట దీనికి బాగా అనుకూలిస్తుంది. రాత్రంతా మంచు కురిసి, పొద్దున తొమ్మిదింటి దాకా ఆకులు తడిగానే ఉంటాయి. వర్షం ఒక్క చుక్క పడకపోయినా తెగులు రావడానికి ఆ మంచు చాలు. "వానే లేదు, తెగులెక్కడిది?" అనే మాట రబీలో చెల్లదు. వానాకాలంలో అయితే ఆగస్టు, సెప్టెంబరుల్లో ముసురు పట్టి, నాలుగైదు రోజులు ఎండ పొడ లేకపోతే ఇదే పరిస్థితి వస్తుంది.

మేడిస్‌కు కొంచెం వేడి కావాలి, 20 నుంచి 32 డిగ్రీలు, దానికి తోడు తేమ. ఉక్కపోతగా ఉండే వానాకాలం దానిది. వాతావరణం బాగా కలిసొస్తే మూడు రోజుల్లోనే ఒక తరం పూర్తి చేసుకుని కొత్త బీజాలు విడుదల చేయగలదు. టర్సికమ్ నెమ్మది. బీజం ఆకు మీద పడ్డాక మచ్చ కంటికి కనబడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈ నెమ్మదితనం మోసం చేస్తుంది. ఈ రోజు కనిపిస్తున్న మచ్చ పది రోజుల కిందటి సంగతి. ఈ పది రోజుల్లో పై ఆకుల్లోకి ఎన్ని దిగాయో ఇప్పుడు కనబడవు. మందు కొట్టిన తరువాత కూడా వారం పాటు కొత్త మచ్చలు వస్తూనే ఉంటే "మందు పనిచేయలేదు" అని ఇంకోటి తెచ్చి కొట్టడం చాలాచోట్ల జరిగేదే. ఆ మచ్చల్లో ఎక్కువ భాగం మందుకు ముందే ఆకులోకి దిగినవై ఉంటాయి.

బీజాలు రాత్రి తడిలో తయారై, పొద్దున ఆకు ఆరుతూ గాలి లేచే వేళకు విడిపోయి ఎగురుతాయి. పక్క పొలానికే కాదు, చాలా దూరం పోతాయి. డెల్టాలో వరి కోతలు అయ్యే తీరును బట్టి మొక్కజొన్న నవంబరు నుంచి జనవరి దాకా విడతలు విడతలుగా వేస్తారు. ముందు వేసిన చేలలో తెగులు ముదిరే సమయానికి వెనక వేసినవి లేతగా ఉంటాయి. వెనకటి చేలకు దెబ్బ ఎక్కువ తగలడంలో వాతావరణం పాత్రతో పాటు ఈ విడతల పాత్ర కూడా ఉంది. ఊరంతా రెండు వారాల తేడాలో విత్తుకోగలిగితే సగం బెడద తగ్గుతుంది గానీ, కాలవ నీళ్లు, కోత మిషన్లు, కూలీలు రైతు చేతిలో ఉండేవి కావు కదా.

కండె ఆకు లెక్క

మొక్కజొన్నకు సుమారు పద్దెనిమిది, ఇరవై ఆకులు వస్తాయి. కండె పుట్టే కణుపు దగ్గరి ఆకును కండె ఆకు అంటారు. గింజ నిండటానికి కావలసిన పిండి పదార్థంలో అత్యధిక భాగం ఆ ఆకు, దాని పైనున్న ఆకులే తయారుచేస్తాయి. కింది నాలుగైదు ఆకులు గింజ కట్టే సమయానికి ఎలాగూ పండిపోతాయి. కాబట్టి కింది ఆకుల మీద ఎన్ని మచ్చలున్నా నేరుగా పోయేది కొంచెమే. కండె ఆకు మీద, దాని పైన మచ్చలు పడితే మాత్రం గింజ బరువు కోసుకుపోతుంది.

దీనికి సమయం లెక్క కూడా కలపాలి. పీచు (కండె కొసన వచ్చే ఆడ పూత) వచ్చిన దగ్గర్నుంచి గింజ పూర్తిగా నిండటానికి రకాన్ని బట్టి నలభై ఐదు, యాభై రోజులు పడుతుంది. జల్లు (మొక్క తల మీద వచ్చే మగ పూత), పీచు వచ్చే సమయానికే పై ఆకులు తెగులు పాలైతే దిగుబడి సగానికి సగం పోయిన సందర్భాలు ఉన్నాయి. అదే తెగులు గింజ గట్టిపడే దశలో వస్తే నష్టం నామమాత్రం. ఒకే మోతాదు తెగులు మూడు వారాల తేడాలో వస్తే ఒక రైతు మునుగుతాడు, ఇంకొక రైతుకు పట్టింపే ఉండదు. పక్క చేను చూసి మందు కొట్టకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

చాలామంది గమనించని నష్టం ఒకటి ఉంది. పై ఆకులు ఎండిపోయినా కండె తన ఆకలి మానదు. ఆకులు ఇవ్వలేనిది కాండంలో దాచుకున్న చక్కెరల నుంచి లాక్కుంటుంది. అలా డొల్లబడిన కాండం మీద కాండం కుళ్లు శిలీంధ్రాలు సులువుగా పడతాయి. తెలంగాణ ఎర్ర నేలల్లో పూత తరువాత బెట్ట పడినప్పుడు కనిపించే బొగ్గు కుళ్లు కూడా బలహీనపడిన మొక్కలనే ముందు పట్టుకుంటుంది. చేను కోతకు వచ్చే ముందు గాలికి పడిపోతే రైతు గాలిని తిడతాడు. గాలి పడగొట్టింది నిజమే కానీ నెల కిందట ఎండిన ఆకులకు అందులో వాటా ఉంటుంది. మిషన్ కోతకు పడిన చేను ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

చొప్పలో దాక్కున్న తెగులు

పంట కోసిన తరువాత ఈ శిలీంధ్రాలు చొప్పలో, రాలిన ఆకుల్లో బతుకుతాయి. నేల పైన పడి ఉన్న చొప్పలో ఎక్కువ కాలం, నేలలో కలిసి కుళ్లిన చొప్పలో తక్కువ కాలం. తరువాతి పంట మొలిచాక మొదటి బీజాలు అక్కడి నుంచే వస్తాయి.

ఇక్కడ రెండు తెలుగు ప్రాంతాల పరిస్థితి ఒకటి కాదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో వరి కోశాక దుక్కి దున్నకుండానే కొయ్యకాళ్ల మధ్య మొక్కజొన్న వేస్తారు. దుక్కి లేకపోతే తెగులు పెరుగుతుందన్న మాట విని అక్కడ కంగారు పడనవసరం లేదు. నేల మీద ఉన్నది వరి కొయ్యకాలు, అందులో ఈ శిలీంధ్రం ఉండదు. పైగా మొక్కజొన్న తరువాత మళ్లీ వరి కోసం నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు కాబట్టి మొక్కజొన్న చొప్ప నీళ్లలో నాని కుళ్లిపోతుంది. వరి, మొక్కజొన్న మార్చి మార్చి వేయడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి, ఎవరూ లెక్కలో వేసుకోరు. అక్కడి తెగులు ఎక్కువగా గాలి మోసుకొచ్చేదే.

తెలంగాణలో బోర్ల కింద వానాకాలం మక్క, మళ్లీ యాసంగిలో మక్క వేసే చోట్ల లెక్క తిరగబడుతుంది. కోళ్ల దాణాకు తోడు ఇథనాల్ ఫ్యాక్టరీల కొనుగోళ్లు పెరిగాక మక్క మీద మక్క వేసే ఆశ ఇంకా పెరిగింది. అలాంటి చేలలో చొప్పను గట్ల మీద కుప్పలు పోసి వదిలేస్తే తెగులును ఏడాదంతా మేపినట్టే. రొటోవేటర్‌తో చిన్న ముక్కలు చేసి లోతుగా కలియదున్నడం, లేదంటే పశువుల మేతకు పూర్తిగా ఎత్తేయడం, రెండు పంటలకు ఒకసారైనా పెసర, మినుము, శనగ, వేరుశనగ లాంటిది మధ్యలో వేయడం పనిచేస్తాయి. తగలబెట్టడం సలహా కాదు. తెగులుతో పాటు నేలలో ఉండాల్సిన సేంద్రియం కూడా పోతుంది.

జొన్న సంగతి కూడా అడుగుతుంటారు. జొన్నకూ టర్సికమ్ ఎండు తెగులు వస్తుంది, శిలీంధ్రం అదే జాతి. అయితే జొన్న మీది తెగలు చాలావరకు జొన్నకే, మొక్కజొన్న మీదివి మొక్కజొన్నకే అలవాటు పడి ఉంటాయి. పక్కన జొన్న చేను ఉందని మొక్కజొన్న వేయడం మానుకోనక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపులో మక్కను అంతర పంటగా వేసే అలవాటు ఉంది. పసుపు ఆకు మీద వచ్చే మచ్చలు వేరే శిలీంధ్రాల వల్ల వచ్చేవి, మక్కకు అంటవు.

వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరం పెడితే ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు వస్తాయి. ఇంకా ఒత్తుగా వేస్తే కింద గాలి ఆడక ఆకు తడి ఆరదు. తుంపర సేద్యం ఉన్నవాళ్లు సాయంత్రం పూట నీళ్లు వదలడం మానేస్తే చాలు, ఆకు తడిసి ఉండే గంటలు తగ్గుతాయి. డ్రిప్, బోదెల పద్ధతిలో ఆ సమస్యే లేదు. విత్తన శుద్ధి మంచిదే కానీ అది మొలక దశలో కుళ్లు నుంచి కాపాడేందుకు. నలభై రోజుల తరువాత గాలిలో వచ్చే ఆకు ఎండు తెగులును అది ఆపుతుందని ఆశించకూడదు.

విత్తనం బస్తా దగ్గరే సగం తేలిపోతుంది

ఈ తెగులుకు చవకైన మందు తట్టుకునే హైబ్రిడ్. రకానికీ రకానికీ తేడా ఎంత ఉంటుందంటే, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేలలో ఒకటి ఎండి, ఇంకోటి పచ్చగా నిలబడటం చూడొచ్చు. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద కొత్త హైబ్రిడ్లను తెగులు పుట్టించి మరీ పరీక్షిస్తారు. 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 3 లోపు వస్తే తట్టుకునేది, 7 దాటితే లొంగిపోయేది. ఈ మార్కు విత్తన బస్తా మీద మాత్రం ఉండదు. బస్తా మీద మెరిసే కండె బొమ్మ ఉంటుంది. డీలర్‌ను దిగుబడి ఎంత అని అడిగే ముందు టర్సికమ్‌ను తట్టుకుంటుందా అని అడగడం, కిందటి ఏడాది అదే రకం వేసినవాళ్ల చేను జల్లు దశ తరువాత ఎలా ఉందో కనుక్కోవడం రైతు చేయగలిగినవి.

తట్టుకునే గుణం రెండు రకాలు. ఒకే జన్యువుతో వచ్చేది ఒకటి. అమెరికాలో 1960 దశకంలో హెచ్‌టీ1 అనే జన్యువును గుర్తించి విరివిగా హైబ్రిడ్లలోకి ఎక్కించారు. చాలా బాగా పనిచేసింది. 1970 దశకం ముగిసేసరికి ఆ జన్యువును దాటుకుని వచ్చే టర్సికమ్ తెగ మొక్కజొన్న పండే ప్రాంతాల్లోనే కనిపించింది. ఆ తరువాత హెచ్‌టీఎన్1 లాంటి ఇంకొన్ని జన్యువులు వాడుకలోకి వచ్చాయి. రెండో రకం గుణం చాలా జన్యువులు తలా కొంచెం సాయం చేస్తే వచ్చేది. అది తెగులును పూర్తిగా ఆపదు, మచ్చలు పడతాయి, కానీ మెల్లగా, తక్కువగా పడతాయి. చేను చూడటానికి అంత ముచ్చటగా ఉండదు. అయినా ఎక్కువ ఏళ్లు నమ్మదగినది ఇదే. ఆకు మీద ఒక్క మచ్చా లేని రకమే గొప్పదనే భావన మార్కెట్‌లో ఉంది, దానితో ఏకీభవించడం కష్టం.

ఒకే రకం మీద ఊళ్లకు ఊళ్లు ఆధారపడితే ఏమవుతుందో మేడిస్ తెగులు 1970లో అమెరికాలో చూపించింది. హైబ్రిడ్ విత్తనం తయారు చేయాలంటే ఆడ వరసల్లో మొక్కల జల్లును పుప్పొడి రాలకముందే పీకేయాలి. వేల ఎకరాల్లో అది పెద్ద కూలి ఖర్చు. టెక్సాస్‌లో దొరికిన ఒక రకం సైటోప్లాజం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) ఉన్న మొక్కలకు పుప్పొడే పుట్టదు కాబట్టి జల్లు పీకే పని తప్పుతుంది. కంపెనీలన్నీ దాన్నే పట్టుకున్నాయి. 1970 నాటికి అమెరికాలో వేసిన మొక్కజొన్నలో సుమారు 85 శాతంలో ఆ సైటోప్లాజమే ఉంది. అది ఉన్న మొక్కలు మేడిస్‌కు సులువుగా లొంగుతున్నాయని 1960 దశకం మొదట్లోనే ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మేడిస్‌లో టీ తెగ అనేది తయారుచేసే విషం సరిగ్గా ఆ సైటోప్లాజం మీదే పనిచేస్తుంది. ఫ్లోరిడా వైపు దక్షిణాన మొదలైన తెగులు వేసవి గడిచేలోపు ఉత్తరాన పెద్ద మొక్కజొన్న రాష్ట్రాల దాకా పాకింది. దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం, విలువలో వంద కోట్ల డాలర్ల దాకా ఆ ఒక్క ఏడాదిలోనే పోయింది. ఆ తరువాత మళ్లీ జల్లు పీకే పద్ధతికే తిరిగి వెళ్లారు.

ఏలూరు చుట్టుపక్కల, తెలంగాణలో విత్తనోత్పత్తి చేసే ఊళ్లలో ఆడ వరసల జల్లు పీకుతూ కనిపించే కూలీల పని వెనక ఇంత చరిత్ర ఉంది. విత్తనోత్పత్తి రైతులకు తెగులు బెడద కూడా మామూలు రైతుల కంటే ఎక్కువ. వాళ్లు పెంచేది హైబ్రిడ్‌ను కాదు, దాని తల్లిదండ్రుల రకాలను. అవి స్వతహాగా పొట్టిగా, బలం తక్కువగా ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి తెగులుకు లొంగేదై ఉండటం మామూలే. జల్లు పీకేటప్పుడు పై ఆకు ఒకటో రెండో ఊడి వస్తాయి కూడా. ఉన్న కాసిని ఆకులను కాపాడుకోవాలి కాబట్టి అక్కడ ముందుజాగ్రత్తగా మందు కొట్టడంలో అర్థం ఉంది. కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు తెగులు మందుల ఖర్చు ఎవరిది, దిగుబడి తగ్గితే లెక్క ఏమిటి అన్నవి ముందే తేల్చుకోకపోతే తరువాత మాట్లాడే అవకాశం ఉండదు.

మందు ఎప్పుడు, ఏది, ఎంత

గింజ కోసం వేసే చేలో మోకాలి ఎత్తు దాటిన దగ్గర్నుంచి వారానికి ఒకసారి చేను లోపలికి వెళ్లి చూడాలి. గట్టు మీద నిలబడి చూస్తే అంచు మొక్కలే కనబడతాయి, వాటికి గాలీ ఎండా బాగా తగులుతాయి కాబట్టి తెగులు తక్కువగా ఉంటుంది. లోపల నాలుగైదు చోట్ల పదేసి మొక్కలు చూస్తే చాలు. జల్లు వచ్చే ముందు మచ్చలు కండె ఆకుకు రెండు మూడు ఆకుల కింది దాకా ఎక్కి ఉండి, మంచో ముసురో కొనసాగుతూ ఉండి, వేసినది లొంగే రకమైతే మందు కొట్టాలి. ఈ మూడింటిలో ఒక్కటే ఉంటే ఇంకో వారం ఆగి చూడొచ్చు. గింజ పాలు పోసుకునే దశ దాటి గట్టిపడుతుంటే ఎంత తెగులున్నా కొట్టినందువల్ల ప్రయోజనం లేదు.

ఖర్చు లెక్క కూడా వేసుకోవాలి. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు. మందూ కూలీ కలిపి ఎకరాకు 1,200 అయిందనుకుంటే కనీసం అర క్వింటా మిగిలితేనే పెట్టింది తిరిగొచ్చినట్టు. తెగులు పై ఆకులకు ఎక్కబోతున్న చేలో అంతకు మించే మిగులుతుంది. తెగులు లేని చేలో "ఆకు పచ్చగా ఉంటుంది" అన్న భరోసాతో కొడితే మిగిలేది ఆ పచ్చదనం ఒక్కటే.

ఎక్కువగా చెప్పేది మాంకోజెబ్, లీటరు నీటికి 2.5 గ్రాములు. ఇది ఆకు పైన పూతలా ఉండి బీజాన్ని మొలవనివ్వదు. లోపలికి దిగిన శిలీంధ్రాన్ని ఏమీ చేయలేదు, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. కాబట్టి తెగులు ఇంకా కింది ఆకుల్లోనే ఉన్నప్పుడు పనికొస్తుంది. మచ్చలు పైకి ఎక్కుతున్నప్పుడు ఆకులోకి ఇంకే మందులు కావాలి. లీటరుకు 1 మిల్లీలీటరు ప్రొపికొనజోల్ గానీ, అజాక్సీస్ట్రోబిన్, డైఫెనకొనజోల్ కలిసి వచ్చే మందును అదే మోతాదులో గానీ వాడతారు. ఎదిగిన చేనుకు ఎకరాకు 200 లీటర్ల నీళ్లు కావాలి. పది ట్యాంకులు పోయాల్సిన చోట ఆరు ట్యాంకులతో సరిపెట్టి, మందు మాత్రం రెట్టింపు కలిపే అలవాటు వల్ల ఆకు సగం తడవదు, తడిసిన సగం మాడుతుంది. రెండోసారి అవసరమైతే పది, పదిహేను రోజుల తరువాత, వేరే రకం మందుతో కొట్టాలి. ఒకే గుంపు మందును మళ్లీ మళ్లీ కొడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది.

జల్లు దశలో చేను తలెత్తు దాటుతుంది. వీపు మీద స్ప్రేయర్‌తో వరసల మధ్య నడుస్తూ కొట్టేవాళ్ల ముఖం మీదే మందు పడుతుంది. మాస్కు, నిండు చేతుల చొక్కా, గాలికి ఎదురు వెళ్లకపోవడం తప్పనిసరి. డ్రోన్‌తో కొట్టించేవాళ్లు పెరిగారు, మనిషికి అది మేలే. నీళ్లు తక్కువ వాడుతుంది కాబట్టి పై ఆకులకు బాగా అందుతుంది, కిందికి అంతగా దిగదు. ఈ తెగులులో కాపాడుకోవలసింది పై ఆకులనే కాబట్టి అది పెద్ద లోపం కాదు. పుప్పొడి పొద్దున పూట ఎక్కువగా రాలుతుంది, తేనెటీగలు అప్పుడే వస్తాయి. సాయంత్రం కొట్టడం మంచిది.

షాపుల్లో మందుతో పాటు, మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే జిగురు కూడా చేతికిస్తారు. జల్లు బయటికి రాబోయే రెండు మూడు వారాల ముందు శిలీంధ్రనాశినితో జిగురు కలిపి కొట్టిన చేలలో కండె ఎదగకుండా మధ్యలోనే ఆగిపోయిన సందర్భాలు అమెరికాలో నమోదయ్యాయి. ఆ దశలో లేబుల్ మీద జిగురు కలపమని ఉంటే తప్ప కలపకపోవడం క్షేమం. పురుగు మందు, తెగులు మందు, 19-19-19 ఎరువు, సూక్ష్మ పోషకాలు అన్నీ ఒకే డ్రమ్ములో కలిపే 'కాక్‌టెయిల్' గురించి కూడా ఇదే మాట. కూలి కలిసొస్తుందన్నది నిజమే. ఆకు మాడితే ఏది మాడ్చిందో తెలియదు, పురుగు చావకపోతే ఏది పని చేయలేదో తెలియదు.

పుల్లటి మజ్జిగ, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలు చేసే సూక్ష్మజీవులు వాడేవాళ్లున్నారు. నేల నుంచి వచ్చే కుళ్లు తెగుళ్ల మీద ట్రైకోడెర్మాకు మంచి పేరే ఉంది. గాలిలో వచ్చి ఆకు మీద పడే టర్సికమ్ మీద, అదీ లొంగే హైబ్రిడ్ వేసి జనవరి మంచులో, వీటినే నమ్ముకుని కూర్చోవడానికి లేదు. తట్టుకునే రకం వేసుకున్నవాళ్లు ప్రకృతి సేద్యం చేయడానికి ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ అసలు పని విత్తనమే చేస్తుంది.

స్వీట్‌కార్న్, బేబీకార్న్ వేసేవాళ్లకు, పాల పశువులకు పచ్చి చొప్ప వేసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. గింజ మొక్కజొన్నలో జల్లు దశలో మందు కొడితే కోతకు నెలన్నర గడువు ఉంటుంది. స్వీట్‌కార్న్‌లో పీచు వచ్చిన మూడు వారాల్లోపే పొత్తు కోసేస్తారు, బేబీకార్న్‌లో అయితే పీచు కనబడిన రెండు మూడు రోజులకే. కొట్టిన మందుకు ఎన్ని రోజుల గడువు ఉండాలో డబ్బా లేబుల్ మీద రాసి ఉంటుంది. ఆ గడువు పాటించడం వీలుకాని పంటలో ఆ మందు వాడకూడదు, ఆ చేలో ఆకు కోసి పశువులకు వేయకూడదు. కాబట్టి ఈ పంటల్లో మందు కొట్టే అవకాశం చాలా తక్కువ. తట్టుకునే రకం ఎంచుకోవడం, మంచు ముదిరే లోపే కోతకు వచ్చేలా ముందుగా విత్తుకోవడం, కిందటి మొక్కజొన్న చొప్ప లేని పొలం చూసుకోవడం, వాళ్లకు మిగిలిన మార్గాలు ఇవే.